మన చీర సంగతి మనమే చెప్పాలి



నేను ఎనిమిదో తరగతితో బడి మాని గుంట మగ్గంలో కాళ్లు పెట్టినవాణ్ణి. పెద్ద మాటలు రావు. మన బరంపురం పట్టు గురించి, దాన్ని ఫోనులో అమ్మే సంగతి గురించి నాలుగు ముక్కలు చెబుతాను.

మన పూర్వీకులు రాజమహేంద్రవరం వైపు నుంచి ఈ ఊరొచ్చారని చెప్పుకుంటాం. అంచున గుడి గోపురంలా లేచే ఫోడా కుంభం మన చేతి పని. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ ఫోనులో చీర చూసే అమ్మాయికి అదెలా తెలుస్తుంది? పక్కనే పవర్‌లూమ్ చీర అదే పేరుతో సగం ధరకి కనబడుతుంది. మనం తేడా చెప్పకపోతే ఆమె చవకదే కొంటుంది. తప్పు ఆమెది కాదు.

ఇప్పుడు ఫ్రీలాన్సర్లని ఉన్నారు. నెల జీతానికి కాకుండా పని లెక్కన చేస్తారు. చీర గురించి రాస్తారు, వెబ్‌సైటు కడతారు, ఫొటోలు, బొమ్మలు తయారు చేస్తారు. ఆసు పోసేవారు, కండెలు చుట్టేవారు, నేసేవారు కలిస్తేనే గదా చీర. ఇదీ అంతే, మూడు పనులూ కుదిరితేనే బేరం. వాళ్లకి పని అప్పజెప్పేటప్పుడు మనం కొన్ని చూసుకోవాలి.

ఒకటి, రాత. అద్భుతం, అపురూపం అని రాస్తే చాలదు. పొడవెంత, జాకెట్టు ముక్క ఉందా, జరీ ఏ రకం, ఎన్ని రోజులు నేశాం, ఇవి రాయించాలి. వెండి జరీ కాకపోతే కాదనే రాయాలి. సిల్క్ మార్క్ గానీ, 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ గానీ చీరకి ఉంటేనే ఆ గుర్తు పెట్టాలి.

రెండు, ఫొటో. పగటి వెలుగులో తీయించండి. రంగు తేడా వస్తే చీర తిరిగొస్తుంది, పంపిన ఖర్చూ పోతుంది. అంచు దగ్గరగా ఒకటి, వెనకవైపు ఒకటి, మగ్గం మీద ఉండగా ఒకటి కావాలి.

మూడు, సైటు. పేరు, పాస్‌వర్డు సంఘం చేతిలోనే ఉండాలి. ఒక సంఘంలో అంతా సైటు కట్టినాయన పేరనే ఉండిపోయింది. ఆయన వేరే ఊరు వెళ్లాక ధర మార్చాలన్నా దారి లేకపోయింది. బయటివాళ్లు రాసిన రాత మీద హక్కు చట్ట ప్రకారం మొదట రాసినవారిదే. కాబట్టి సంఘానికి ఇస్తున్నట్టు సంతకంతో కాగితం రాయించుకోవాలి. సొమ్మెంత, గడువెంత అనేవీ అందులోనే ఉండాలి.

చివరిగా ఒక మనవి. మన ఇళ్లలో డిగ్రీ చదివిన పిల్లలున్నారు. పడుగేదో పేకేదో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ పని వాళ్లకి నేర్పిద్దాం. కానీ మన పిల్లే కదా అని ఉత్తినే చేయించుకోవద్దు. కూలి ఎగ్గొడితే ఎలాగుంటుందో మనకంటే ఎవరికి తెలుసు? వాళ్ల పనికీ లెక్కగట్టి ఇద్దాం. అప్పుడు వాళ్లు ఊరు విడిచి పోనక్కర్లేదు, మన మగ్గాలకీ బేరం తెస్తారు.