ఆయుధపు హక్కు, ఆగ్రహంపై అదుపు

(టెక్కలిలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా ఉపకారవేతనాలు, వక్ఫ్ భూములు, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు తుపాకి గురించి మాట్లాడవలసి రావడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ఈ మధ్య మన యువకుల నోట ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "మన రక్షణ మనమే చూసుకోవాలి కదా, ఆయుధం ఉంచుకోవడం మన హక్కు కాదా?" అని వారు అడుగుతున్నారు. అడిగినవారిని గద్దించి కూర్చోబెట్టడం సమాధానం కాదు. చట్టం ఏమంటున్నదో, ధర్మం ఏమంటున్నదో వారికి వివరించడం పెద్దల బాధ్యత.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో 1791లో చేసిన రెండవ రాజ్యాంగ సవరణ ఆయుధం కలిగి ఉండటాన్ని పౌరుని హక్కుగా గుర్తించింది. మన రాజ్యాంగంలో అటువంటి హక్కు లేదు. పైగా 19వ అధికరణం మనకు సమావేశమయ్యే హక్కునిస్తూనే, అది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా జరగాలని నియమం పెట్టింది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. 21 సంవత్సరాలు నిండనివారికి లైసెన్సు ఇవ్వరు. 2019లో చేసిన సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సంబరం కోసం ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి దస్త్రాలు నడిపిన అనుభవంతో మేము మరొక మాట కూడా చెప్పాలి. నిజమైన అవసరం ఉన్నవాడు దరఖాస్తు చేసుకోవడానికి వెనుకాడనవసరం లేదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని ఆ చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. నిరాకరిస్తే కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. పేరు చూసి, పేట చూసి దరఖాస్తును పక్కన పెట్టే అధికారం ఎవరికీ లేదు. చట్టం ముందు సమానత్వం మనం అడుక్కునే దయ కాదు, 14వ అధికరణం ఇచ్చిన హక్కు.

ఇక మన ప్రాంతపు అవసరాల మాట. ఉద్దానం జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసేవారికి ఎలుగుబంటి భయం కొత్త కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో జరిగిన దాడిని ఎవరూ మరచిపోలేదు. పంట రక్షణకు తుపాకి లైసెన్సు కోరే అవకాశం చట్టంలో ఉన్నది. ప్రాణరక్షణ కోసం సద్బుద్ధితో అడవి జంతువును గాయపరచినా, చంపినా నేరం కాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మినహాయింపు ఇచ్చింది. కాని దొంగచాటుగా నాటు తుపాకి తయారు చేయించుకోవడానికి, అడవి పందుల పేరిట నాటు బాంబులు అమర్చడానికి ఆ మినహాయింపు వర్తించదు. అటువంటి బాంబు పందినీ, పశువులు కాసే పిల్లవాడినీ వేరుచేసి చూడలేదు.

తుపాకి మోత ఎంత దూరం వినబడుతుందో మన జిల్లాకు తెలిసినంతగా చాలా జిల్లాలకు తెలియదు. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద, గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న కోరన్న, మంగన్నలు భూస్వాముల పక్షపు తుపాకులకు బలయ్యారు. ఆ తరువాతి సంవత్సరాలలో ఇరువైపులా ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో పెద్దవారు ఎరుగుదురు. సోంపేటలో 2010లోనూ, కాకరాపల్లిలో 2011లోనూ పోలీసు కాల్పుల్లో సామాన్యుల ప్రాణాలు పోయాయి. ఆయుధం ఎవరి చేతిలో ఉన్నదన్నది ఒక ప్రశ్న. ఆ చేయి ఎవరి అదుపులో ఉన్నదన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

సోదరులారా, లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ అదుపు వస్తుందా? 2020 డిసెంబరు 18న ఆదిలాబాద్ తాటిగూడలో జరిగినది చూడండి. పిల్లల క్రికెట్ ఆటలో తగవు మొదలైంది. దానికి పాత రాజకీయ కక్షలు తోడయ్యాయి. ఒక పార్టీ జిల్లా అధ్యక్షుడు, మున్సిపాలిటీకి ఉపాధ్యక్షుడిగా పనిచేసిన వ్యక్తి, తన లైసెన్సు రివాల్వరుతో కాల్పులు జరిపాడు. గాయపడినవారిలో ఒకరు హైదరాబాదులో చికిత్స పొందుతూ మరణించారు. 2022 జనవరిలో న్యాయస్థానం ఆయనకు యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. కాల్చినవాడూ మనవాడే, కూలినవాడూ మనవాడే. పరాయివాడెవడో వచ్చి చేసిన అన్యాయం కాదది. ఆయుధం రక్షణ కోసం ఇచ్చినది. వాడినది కోపం. సాయంత్రానికి పిల్లలు మరచిపోయే తగవు రెండు కుటుంబాలను కూల్చింది. మనపై జరిగే అన్యాయాన్ని ఎత్తిచూపే మనం దీనిని గూర్చి మౌనం వహిస్తే మన మాటకు విలువ ఉండదు.

ఆత్మరక్షణ హక్కు మనకు ఉన్నది. భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షన్లు దాని గురించే. అయితే ఆపదకు అవసరమైనంత బలమే వాడాలి. అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు ఉండదు. అవమానానికి బదులు తీర్చుకోవడం ఆత్మరక్షణ కాదు.

మన ధర్మం ఈ విషయంలో చట్టం కన్నా ఒక అడుగు ముందే ఉన్నది. మసీదులోనో, బజారులోనో బాణాలతో నడిచేవాడు వాటి మొనలను చేతితో పట్టుకుని వెళ్లాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఒర నుండి తీసిన కత్తిని ఒకరి చేతికి మరొకరు అందించడాన్ని వారించారు. పరిహాసానికైనా సోదరుని వైపు ఆయుధం చూపరాదన్నారు. కుస్తీలో పడగొట్టేవాడు బలవంతుడు కాదని, ఆగ్రహంలో తనను తాను నిలుపుకున్నవాడే బలవంతుడని బోధించారు. కోపం వచ్చినప్పుడు నిలబడినవాడు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని చెప్పారు. ఎంత ఆచరణయోగ్యమైన సలహా! కూర్చున్నవాడి చేయి బీరువా దాకా పోదు.

ఇంటింటా ఆలోచించవలసిన కొన్ని సంగతులతో ముగిస్తాం. లైసెన్సు ఆయుధం ఉన్న ఇంట్లో దానిని తూటాలు తీసి తాళం వేసి ఉంచండి, తూటాలను వేరొక చోట పెట్టండి. పోతే వెంటనే పోలీసు స్టేషనులో తెలియజేయండి. ఎన్నికల సమయంలో జమ చేయమంటే జమ చేయండి. ఇంట్లో మద్యం, గృహహింస, తీవ్రమైన మనోవేదన ఉంటే ఆయుధాన్ని అసలే ఉంచకండి. తల్వారుతో కేకు కోస్తూ, బొమ్మో నిజమో తెలియని పిస్తోలు పట్టుకుని పిల్లలు వీడియోలు తీస్తుంటే తల్లులు నవ్వి ఊరుకోకండి. ఆ వీడియోను చూసి కేసు పెట్టినప్పుడు ఆ పిల్లవాడి చదువు, ఉద్యోగం, వాడి చెల్లెలి పెళ్లి సంబంధం అన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. ఒక్కడు చేసిన పనిని జాతి మొత్తానికి అంటగట్టే రోజులివి. అది అన్యాయమే, దానిపై పోరాడుదాం. కాని ఆ నెపం చేతికందించేవారం మనం కాకూడదు.

పేటలో తగవు పుడితే అదే రోజు ఇరువైపుల పెద్దలు కూర్చుని మాట్లాడండి. బెదిరింపులు వస్తే తేదీ, సమయం రాసి ఫిర్యాదు చేయండి, రసీదు తీసుకోండి. కాగితం పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరగడానికి మా వంటి విశ్రాంత ఉద్యోగులం మీతో వస్తాం. హక్కు కోసం ఎంత గట్టిగా నిలబడతామో, కోపం ముందు కూడా అంత గట్టిగా నిలబడదాం.