ముందు నీళ్లు పొయ్యండి, ఆ తర్వాతే బండి ఎక్కించండి
(2025 ఏప్రిల్ నెలలో నస్రుల్లాబాద్‌లో యువతతో మాట్లాడిన మాటలు)



యాసంగి వరి కోతకొచ్చింది. బాన్సువాడ, బీర్కూర్, నస్రుల్లాబాద్, ఎటు పోయినా కల్లాల మీద వడ్లే. హార్వెస్టర్లు వచ్చి కొడవలి పని తగ్గింది గానీ ఎండల పని తగ్గలేదు. వడ్లు కొనాలంటే తేమ 17 శాతం దాటొద్దు. అందుకే ఎండ బాగా కొట్టే మిట్టమధ్యాహ్నమే వడ్లు తిరగేస్తం. తర్వాత తూకం, 40 కిలోల బస్తాలు, లారీకి ఎత్తుడు. ఆ హమాలీల్లో, ఉపాధి హామీల మట్టి తవ్వేటోళ్లలో మన తండాల వాళ్లు ఎందరున్నరో మీకే ఎరుక. ఈ రోజు వేరే సంగతులు పక్కకు పెట్టి వడదెబ్బ గురించే మాట్లాడుతా.

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడగాడ్పులకు చనిపోయిండ్రు. అందులో ముసలివాళ్లు, కూలీలే ఎక్కువ. మనం "ఎండకు పోయిండు పాపం" అని ఊరుకుంటం. నేను దీన్ని తలరాత అని ఒప్పుకోను. వడదెబ్బ తగిలినంక మొదటి అరగంట మన చేతుల్లో ఉంటది.

పని చేస్తే ఒంట్లో వేడి పుడుతది. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతది. మడిలో నీళ్లుండి, గాలిలో తేమ ఉంటే చెమట కారుతదే గానీ ఆరదు. మొదట తల తిరుగుడు, పిక్కలు పట్టేసుడు, వాంతులు. అప్పుడే నీడకు తెచ్చి ఓఆర్ఎస్ గానీ, ఉప్పేసిన మజ్జిగ గానీ, అంబలి గానీ కొంచెం కొంచెం తాపితే చాలామంది తేరుకుంటరు. కానీ మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నడా, తూలుతున్నడా, ఫిట్స్ వచ్చినయా, స్పృహ తప్పిందా? అది వడదెబ్బ. ఒంటి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంటది. "చెమట పడుతుంది కదా, ఏం కాదు" అనకండి. కష్టం చేసేటోళ్లకు చెమట కారుతుండగానే వడదెబ్బ తగులుతది.

అప్పుడు మనం చేసే తప్పు ఏందంటే, ఆటో కోసం ఉరుకుతం. ఆటో వచ్చేదాకా మనిషి అట్లనే కాలుతుంటడు. ఒకరు 108కి ఫోన్ చెయ్యండి. మిగిలినోళ్లు బట్టలు వదులు చేసి, బోరు నీళ్లో బిందె నీళ్లో ఒళ్లంతా పొయ్యండి. తువ్వాలతో విసురుతనే ఉండండి. మెడకు, చంకలకు, గజ్జలకు తడిబట్ట పెట్టండి. బండిలో కూడా తడుపుడు ఆపొద్దు. స్పృహ లేనోళ్ల నోట్లో నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతయి. పారాసిటమాల్ దీనికి పనిచెయ్యదు, ఇది జ్వరం కాదు. ఉల్లిగడ్డ జేబులో పెట్టుకుంటే ఎండ తగలదంటరు కదా, పెట్టుకోండి, సద్దిలోకి పనికొస్తది.

ఎక్కువ ప్రమాదం కొత్తగా పనికొచ్చినోళ్లకు. కాలేజీ సెలవులకు వచ్చి మొదటిరోజే పెద్దోళ్లతో సమానంగా బస్తాలు ఎత్తే తమ్ముళ్లూ, మీకే చెప్తున్న. ఒంటికి ఎండ అలవాటు కావాలంటే వారం, రెండు వారాలు పడుతది. అప్పటిదాకా సగం పనే చెయ్యండి, ఎవడేమన్నా అననియ్యి.

ఇంకో మాట, సభల్లో ఎవరూ మాట్లాడరు. మన అక్కచెల్లెళ్లు పనికాడ నీళ్లు తాగరు. దాహం లేక కాదు, మూత్రానికి పోవడానికి చాటు లేక. "నీళ్లు ఎక్కువ తాగండి" అని పోస్టర్ వేస్తే సరిపోదు. నాలుగు కట్టెలు పాతి పరదా కట్టుడు మన యువకులకు ఒక గంట పని.

మన దగ్గరి నుంచి గల్ఫ్‌కు పోయినోళ్లను అడగండి. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 వరకు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట పని చేయించొద్దని నిబంధన ఉంది. అది అంతటా అమలైతుందని నేను అనను. కానీ అడగడానికి ఒక కాగితం ఉంది. మనకూ ఉంది. పనిస్థలంలో తాగునీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలు చెప్తుంది. కల్లం కాడ హమాలీ ముఠా మేస్త్రీతో మాట్లాడి, పొద్దున, సాయంత్రం ఎత్తుడు పెట్టుకుందామని మనమే అడగాలి.

ఈ నెలలోనే తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోయినోళ్ల కుటుంబానికి 4 లక్షలు ఇస్తమన్నది, ఇంతకుముందు 50 వేలే. అయితే ఆ చావు వడదెబ్బతోనే అని అధికారులు రాయాలి. పొద్దుగూకే లోపల అంత్యక్రియలు చేసేస్తే కాగితం మీద ఆ చావు లేనట్టే. ఏడుస్తున్న ఇంటికి పోయి పోస్టుమార్టం మాట ఎత్తుడు ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆ ఇంటి పక్కన ఒక చదువుకున్న పిల్లో పిలగాడో నిలబడాలి. అదే రోజు తహసీల్దార్‌కు, పోలీసులకు చెప్పాలి. ఎక్కడ పని చేస్తున్నడు, ఎన్ని గంటలకు పడిపోయిండు, చూసినోళ్లు ఎవరు అనేది నోట్‌బుక్కులో రాసి పెట్టండి.