శిఖరమా? ప్రాణమా?
(పఠనాలయ వారసభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ఈ వేదికపై మనము సాధారణముగా గ్రంథములను గూర్చి ప్రసంగించుచుందుము. నేడు నేనొక చలనచిత్రమును గూర్చి మాట్లాడ దలచితినని చెప్పగా, వకీలునకు సినిమాతో పనియేమని మిత్రులు కొందఱు నవ్విరి. నాకు ఆ చిత్రములో ఒక వ్యాజ్యము కానవచ్చినది. ఏ న్యాయస్థానమును సులభముగా తేల్చజాలని ఆ వ్యాజ్యమును మీ యెదుట ఉంచుటకే వచ్చితిని.

చిత్రము పేరు 'ఎవరెస్టు'. ఐస్‌లాండు దేశీయుడైన బాల్తసార్ కోర్మాకూర్ దీనికి దర్శకుడు. 2015లో వెలువడినది. 1996 మే 10, 11 తేదీలలో ఆ పర్వతముపై జరిగిన ఘోరవిపత్తు దీని కథ. ఆ రెండు దినములలో ఎనమండుగురు మరణించిరి.

రాబ్ హాల్ అనువాడు న్యూజిలాండు దేశీయుడు. రుసుము గైకొని ఔత్సాహికులను శిఖరమునకు చేర్చి, తిరిగి క్షేమముగా దింపుట ఆయన వృత్తి. జాగరూకతలో పేరుపొందినవాడు. ఆయన విధించిన నియమ మొకటి కలదు: మధ్యాహ్నము 2 గంటలు కాగానే, శిఖరము ఎంత చేరువనున్నను, వెనుదిరిగి తీరవలెను. ఇది చాదస్తము కాదు. 8,000 మీటర్లకు పైన గాలిలోని ప్రాణవాయువు సముద్రతీరమున నున్న దానిలో మూడవవంతు మాత్రమే. అచ్చట శరీరము గడియగడియకు క్షీణించును; బుద్ధి మందగించును. వీపున మోయు ప్రాణవాయువు మితముగా నుండును. చీకటి పడకమునుపే గుడారము చేరనివానికి దిక్కులేదు.

ఆ దినమున అనేక బృందములు ఒకే దారిని పట్టినవి. పైభాగమున త్రాళ్లు ముందుగా బిగింపబడి యుండలేదు. ఇరుకైన మంచుగట్టుపై జనులు బారులుతీరి నిలువవలసి వచ్చినది. కాలము జారిపోయినది.

డగ్ హాన్సెన్ అనువాడు తపాలా ఉద్యోగి, సామాన్యుడు. అంతకు ముందటి సంవత్సరమున శిఖరమునకు కొలదిదూరములో హాలే అతనిని వెనుకకు త్రిప్పెను. ఈ పర్యాయము అతడు పైకి చేరునప్పటికి 4 గంటలు దాటినవి. హాల్ అతనికొఱకు వేచియుండెను. తాను వ్రాసిన చట్టమును తానే, కేవలము దయచేత, అతిక్రమించెను. పిమ్మట తుఫాను వచ్చినది. హాన్సెన్ దిగలేకపోయెను. హాల్ అతనిని విడిచి దిగలేదు. మరునాడు అచ్చటినుండియే, రేడియో సహాయమున, గర్భవతియైన భార్యతో మాటలాడి, పుట్టబోవు బిడ్డకు పేరు నిర్ణయించి, ప్రాణము విడిచెను. ఆయనకు తోడ్పడబోయిన ఆండీ హారిస్ తిరిగి రాలేదు. ఆంగ్ దోర్జే మొదలగు షెర్పాలు ఆయనకొఱకు మరల పైకెక్కి, గాలితాకిడికి నిలువలేక మరలిరి.

ఇదియే వ్యాజ్యము. అభియోక్త చెప్పునది: "రుసుము పుచ్చుకొన్నవాడు ఒప్పినది శిఖరమునకు కాదు, ప్రాణమునకు. కాదనుటయే ఆయన ధర్మము. ఆ ధర్మము తప్పెను." ప్రతివాది పక్షమున చెప్పదగినది: "రెండవసారియు ఆశాభంగము కలిగింపజాలని మనస్సు ఆయనది. తప్పునకు మూల్యమును పరులపై మోపక తానే చెల్లించెను." నన్నడిగినచో రెండును సత్యములే. విడిచిరాని ఆయన హృదయమునకు చేతులు జోడింతును. అయినను 2 గంటల వేళ ఆయన కఠినముగా నుండినచో ఆ త్యాగముతో పనియే లేకపోయెడిదని చెప్పక తప్పదు.

ఈ మాట నేను మెత్తని కుర్చీలో కూర్చుండి చెప్పుటలేదు. నేను యువకుడనై స్వచ్ఛందసేవలో తిరుగు దినములలో, ఒక తుఫాను వరదకు చిక్కిన పల్లెకు బియ్యపు మూటలతో పోవుచుంటిమి. దారిలో వాగు పొంగుచుండెను. మోకాలిలోతే గదా యని మేము దిగబోగా, మా నాయకుడు, వృద్ధుడు, "వద్దు నాయనలారా, వెనుకకు పదండి" అనెను. అవతలి గట్టున ఆకలిగొన్నవారు మాకు కనబడుచునే యుండిరి. ఆయనను పిఱికివాడని గొణిగికొంటిమి. ఆ గొణిగినవారిలో నేనును ఒకడను. గంట గడువకముందే వాగు ఆ దారిని కోసివేసినది. మరునాడు పడవపై బియ్యము చేర్చితిమి. ఆ పెద్దకు నేను క్షమాపణ చెప్పుకొనలేదు. ఈ చిత్రము చూచిన రాత్రి నాకాయనే జ్ఞప్తికి వచ్చెను.

చిత్రమునందు గుణము కలదు. ఎవరిని దుష్టునిగా చిత్రింపలేదు. చలి మన యెముకలకు తగులును. దోషములును కలవు. ముఖములు మంచుతొడుగులలో మఱుగుపడి ఎవరెవరో తెలియని ఘట్టములు పెక్కు. త్రాళ్లు కట్టి, మూటలు మోసి, దారి తీర్చు షెర్పాలకు దొరకిన చోటు స్వల్పము. 2014 ఏప్రిల్ 18వ తేదీన ఆ కొండపై హిమపాతమున పదునార్గురు నేపాలీ శ్రామికులు పరుల శిఖరముకొఱకు దారి సిద్ధపఱచుచు మరణించిరి. విజయమునకు పేరు ఒకరిది, భారము వేఱొకరిది యగుట న్యాయము కాదు.

మఱియొక మాట. ఆ యెనమండుగురిలో ముగ్గురు మన దేశీయులు. ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళమునకు చెందిన త్సెవాంగ్ సమన్లా, త్సెవాంగ్ పల్జోర్, దోర్జే మోరుప్ ఉత్తరపు దారిని ఎక్కి, అదే తుఫానులో నేలకొరిగిరి. చిత్రకథ దక్షిణపు దారివారి చుట్టునే తిరుగును గాన, వారిని మనమైనను స్మరింపవలెను. ఆ ఉత్తరపు దారినే 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండని నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మము యువకుడు ఆనందకుమారుతో శిఖరమెక్కి క్షేమముగా దిగివచ్చెను. ఆ బాలిక యెక్కినందుకు మనము పొంగితిమి. దిగివచ్చినందుకు ఇంకను పొంగవలసియుండెను.

మృతుడని రెండుమార్లు విడువబడిన బెక్ వెదర్స్ అను వైద్యుడు మంచునుండి లేచి, కన్ను సరిగా కానరాకయే గుడారము చేరెను. నేపాలు సైన్యమునకు చెందిన మదన్ ఖత్రీ ఛెత్రీ 6,000 మీటర్లకు పైబడిన యెత్తునకు హెలికాప్టరును తెచ్చినప్పుడు, నడువలేని తైవాను దేశీయుని ముందు పంపి తాను వేచియుండెను. మదన్ మరల వచ్చి ఆయనను గొనిపోయెను. కుడిచేయి మోచేతి క్రిందుగ పోయినను ఆయన బ్రతికెను.

సోదరులారా! సాహసమును మానుడని నేను చెప్పను. ఎక్కుటకు ముందే దిగు గడియను నిర్ణయించుకొనుడు. "ఇక చాలు, వెనుకకు" అని చెప్పువానిని పిఱికివాడని నిందింపకుడు. నేను నిందించితిని గనుక చెప్పుచున్నాను.

సెలవు.