ఉపాధ్యాయునకును గురుకులవాసము



విద్య యుండుట వేఱు, విద్య చెప్పుట వేఱు. కాళిదాసు మాళవికాగ్నిమిత్ర నాటకమున ఇద్దఱు నాట్యాచార్యులకు వివాదము కల్పించి, ఎవ్వరధికులో తేల్చుటకై శిష్యురాలి నాట్యమును పరీక్షకు బెట్టించినాడు. గురువు సామర్థ్యమునకు శిష్యుడే నికషమని దీని భావము. అయితే ఈ నేర్పుశక్తి యెట్లు వచ్చును? అభ్యాసముచే వచ్చునేని ఆ యభ్యాసము ఎచ్చట, ఎవరి చెంత జరుగవలెను? అమెరికాదేశపు మహానగరములలో ఇరువది సంవత్సరములకు పైగా జరుగుచున్న యొక ప్రయత్నము ఈ ప్రశ్నకు వినదగిన సమాధానము చెప్పుచున్నది.

ఆ నగరముల ప్రభుత్వ పాఠశాలలలో బీదల పిల్లలును, ఇంట ఇంగ్లీషు మాటాడని వలస కుటుంబముల పిల్లలును పెక్కుమంది చదువుదురు. కళాశాలలో బోధనశాస్త్రము చదివి, కొలది వారములు మాత్రము తరగతిని చూచిన యువకుడు పట్టము చేతికి రాగానే ఇట్టి తరగతికి ఏకాకిగా పంపబడుచుండెను. అతనికి పాఠము వచ్చును. పిల్లలను కుదురుగా కూర్చుండబెట్టుట రాదు. లెక్క తెలియును, లెక్క రాని పిల్లవాడు ఎక్కడ తప్పుచున్నాడో తెలియదు. రెండు మూడేండ్లలో విసిగి వేఱొక పాఠశాలకో, వేఱొక వృత్తికో పోయినవారు పెక్కుమంది. ఆ స్థానమునకు మఱియొక క్రొత్తవాడు వచ్చును. ఉపాధ్యాయునకు వేఱొక యుద్యోగము దొరకును. పిల్లవానికి పోయిన సంవత్సరము తిరిగి రాదు.

దీనికి మందు వారికి వైద్యశాలయందు దొరకినది. బాల్టిమోరు నగరమున 1889లో తెరువబడిన జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో, క్రొత్తగా పట్టము పొందిన వైద్యులు అచ్చటనే నివసించుచు, పెద్ద వైద్యుల వెంట రోగుల మంచముల యొద్ద తిరుగుచు, క్రమక్రమముగా బాధ్యత వహించు పద్ధతి యేర్పడినది. అచ్చటనే వసించుటచే దానికి రెసిడెన్సీ యని పేరు వచ్చినది. ఈ పేరునే, ఈ పద్ధతినే చికాగోలో 2001లోను, బోస్టనులో 2003లోను, డెన్వరు ప్రాంతమున 2004లోను ఉపాధ్యాయులకు వర్తింపజేసిరి. మనము దీనికి క్రొత్త పదము వెదుకనక్కఱలేదు. గురువు చెంత వసించు శిష్యునకు అంతేవాసి యని మన పూర్వుల పేరు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఆచార్యుడు అనుశాసనము చేయునది అంతేవాసికే. అయితే బోస్టను అంతేవాసి గురువుగారి యింట నుండడు. గురువుగారి తరగతిలో నుండును.

అచ్చటి యేర్పాటిది. అభ్యాసకుడు పాఠశాల తెఱచిన నాటినుండి మూయు నాటివఱకు ఒక సంవత్సరము అనుభవజ్ఞుడైన యొక ఉపాధ్యాయుని తరగతిలో నుండవలెను. వారమునకు నాలుగు దినములు తరగతిలో పని. తక్కిన దినమున శాస్త్రపాఠములు. జీవనమునకు కొంత భృతి యిత్తురు. మొదట చూచుట; పిమ్మట అయిదాఱుగురు పిల్లలను ప్రక్కకు దీసి చదివించుట; తరువాత ఒక పాఠము, ఒక పూట, తుదకు కొన్ని దినములు తరగతి యంతయు నడుపుట. పాఠము ముగిసిన పిదప గురుశిష్యులిద్దఱు కూర్చుండి ఆనాటి తప్పొప్పులు విచారింతురు.

ఇట్లు చెంత నుండి చూచిననే తెలియు విషయము లుండును. అరకు మూడవవంతు కలుపుమనగా ఒక పిల్లవాడు పైయంకెలను పైయంకెలతోను, క్రిందియంకెలను క్రిందియంకెలతోను గూడి, అయిదింట రెండని వ్రాసెననుకొనుడు. క్రొత్తవాడు తప్పని కొట్టివేయును. ప్రవీణుడు, “నాయనా, నీయొద్ద సగము రొట్టె యున్నది. దానికి మఱికొంత చేర్చితిమి. సగముకంటె తగ్గునా?” యని యడుగును. పిల్లవాడే తన తప్పు కనుగొనును. ఈ ప్రశ్న ఏ గ్రంథమునందైన అచ్చు వేయవచ్చును. దానిని ఏ క్షణమున, ఏ పిల్లవానితో, ఎంత మెల్లగా అడుగవలెనో అచ్చులోనికి రాదు.

2008లో ఆ దేశపు శాసనసభ చేసిన యున్నతవిద్యాశాసనము ఇట్టి శిక్షణకు ధనసహాయము కల్పించినది. ఆ సహాయముతో భృతి పొందినవారు శిక్షణానంతరము అవసరము మిక్కిలిగా గల పాఠశాలలలో మూడేండ్లు పని చేయవలెను. చేయనివారు ఆ ద్రవ్యమును తిరిగి చెల్లింపవలెను.

ఫలమేమందురా? బోస్టను విషయమున హార్వర్డు విశ్వవిద్యాలయ పండితులు చేసిన పరిశోధన 2012లో విద్వత్పత్రికయందు ప్రకటింపబడినది. ఇట్లు శిక్షితులైనవారిలో నూటికి 75 మంది అయిదవ సంవత్సరమున గూడ ఆ నగరపు పాఠశాలలలో నిలిచియుండగా, తక్కిన క్రొత్తవారిలో 51 మందియే నిలిచిరి. కాని లెక్కలు చెప్పుటలో వీరు మొదట తక్కిన క్రొత్తవారికంటె వెనుకబడియే యుండిరి! నాలుగవ, అయిదవ సంవత్సరములకు మాత్రము చిరకాలానుభవము గలవారినిగూడ మించిరి. నాటిన యేడే కాయలేదని మామిడిమొక్కను పెఱికివైచువాడు తోటమాలి కాడు గదా!

లోపములును గలవు. వ్యయము హెచ్చు, ఒక్కొక్క యేట తరిఫీదు పొందువారు కొలదిమంది. అన్నిటికంటె దుర్లభము తగిన గురువు. పిల్లలకు చక్కగా చెప్పువాడెల్ల పెద్దవానికి తన మర్మము విప్పి చెప్పలేడు.

నగరముల మాట పల్లెలకేల యని మీరడుగవచ్చును. మన దేశమున జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో చేసిన నిబంధనలు బి.ఇడి. చదువును రెండేండ్లకు పెంచి, అందు ఇరువది వారములు పాఠశాలలో అభ్యాసము చేయవలెనని విధించినవి. అట్టి యువకులు, యువతులు మీ యూరి బడికి వచ్చినపుడు గ్రామపెద్దలు మూడు సంగతులు కనిపెట్టవలెను. ఖాళీగా నున్న ఉపాధ్యాయుని స్థానమున వారిని ఒంటరిగా నిలువబెట్టి సరిపుచ్చకుండ చూడుడు. అట్లు చేసిన నేర్చువానికిని నేర్పువారుండరు, పిల్లలకును ఉండరు. వారు ఏ పెద్ద ఉపాధ్యాయుని తరగతిలో కూర్చుండి నేర్చుకొనుచున్నారో అడిగి తెలిసికొనుడు. వారికి బస చూపి, మీ పిల్లల యింటి పరిస్థితులు చెప్పుడు.

నేడు మీ బడిలో వెనుకబల్లపై కూర్చుండి వ్రాసికొనుచున్న యా చిన్నవాడు మున్ముందు ఏ యూరి పిల్లలకో ముప్పదియేండ్లు గురువగును. అతనిని సరిగా తీర్చుట ఆ పిల్లల కందఱకు మనము ముందుగా చేయు విద్యాదానము.