పదిహేనుమంది పిల్లల తల్లి

ఇద్దరు పిల్లలకు జడలు వేసి బడికి పంపేసరికే మనకు తలప్రాణం తోకకొస్తుంది. 1962లో స్పెయిన్‌లో వచ్చిన ‘లా గ్రాన్ ఫమీలియా’ (పెద్ద కుటుంబం) అనే హాస్యచిత్రంలో ఇల్లాలికి పదిహేనుమంది! తండ్రి ఒక్క ఉద్యోగంతో గడవక రెండోది కూడా చేస్తుంటాడు. మాడ్రిడ్‌లో క్రిస్మస్ సంతలో తప్పిపోయిన మనవణ్ణి ‘చెంచో! చెంచో!’ అంటూ వెతికే తాతగారిగా హోసే ఇస్బెర్ట్‌ను చూస్తే నవ్వూ వస్తుంది, కన్నీళ్ళూ వస్తాయి.

మరి ఆ తల్లి మాటో? అవి ఫ్రాంకో ఏలుబడి రోజులు. ఎక్కువమందిని కన్నవారికి ప్రభుత్వమే బహుమతులిచ్చేది. గర్భనిరోధక సాధనాలు అమ్మడం 1978 దాకా నేరం. పెళ్ళయిన ఆడది ఉద్యోగంలో చేరాలన్నా, బ్యాంకులో ఖాతా తెరవాలన్నా 1975 దాకా మొగుడి అనుమతి కావలసిందే. సినిమాలో ఇవేవీ వినబడవు, పిల్లల సందడే వినబడుతుంది. అంత ముచ్చటగా తీశారు కనుకనే జనం మెచ్చారనుకోండి.

1965లో దీనికి తరువాయి కథ వచ్చింది. అందులో పిల్లలు పదహారుమంది. తల్లి మాత్రం లేదు, చనిపోయింది. ఇంట్లో భోజనాల హడావిడీ, నవ్వులూ మామూలే. అదీ హాస్యచిత్రమేనమ్మా!