పెద్దయ్యాక తెలిసే ఏడీహెచ్‌డీ

స్టవ్ మీద పాలు పొంగిపోతాయి, కరెంటు బిల్లు గడువు దాటిపోతుంది, ఫోన్ ఎక్కడ పెట్టామో గుర్తుండదు. ఇవి ఎవరికైనా జరిగేవే. కానీ చిన్నప్పటి నుంచీ రోజూ ఇదే తంతయి, ఉద్యోగమూ సంసారమూ దెబ్బతింటుంటే, ఏకాగ్రత, కుదురు లోపించే సమస్య అయిన ఏడీహెచ్‌డీ ఉందేమో చూపించుకోవాలి.

ఇది మగపిల్లల సమస్యని చాలాకాలం అనుకున్నారు. బెంచీలెక్కి గెంతే పిల్లాడు టీచరు కంట్లో పడతాడు; కిటికీ పక్కన కూర్చుని ఊహల్లో తేలే అమ్మాయి పడదు. మార్కులు బాగా వస్తే ఇక అనుమానమే రాదు. ఇంట్లో అమ్మ వెంటపడి అన్నీ గుర్తు చేస్తుంది. పెళ్లయి, ఇంటిల్లిపాది పనులూ గుర్తుపెట్టుకునే భారం తన మీద పడేసరికి ఆ ఆసరా ఉండదు. "ఆడదానికి ఇంత మరుపా" అంటారు. మగవాణ్ని ఎవరైనా అలా అన్నారా? బిడ్డను డాక్టరుకు చూపించినప్పుడు, ఆయన అడిగే ప్రశ్నలు తమకూ సరిపోతున్నాయని గ్రహించే తల్లులున్నారు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013 ప్రమాణాల ప్రకారం, కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. అందుకే డాక్టర్లు బడి రోజుల గురించి అడుగుతారు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, నిద్రలేమి, డిప్రెషన్ కూడా ఏకాగ్రతను చెడగొడతాయి కాబట్టి వాటినీ పరీక్షిస్తారు. నెలసరికి ముందు, ముట్లుడిగే వయసులో ఇబ్బంది పెరుగుతోందని చాలామంది చెబుతారు. మీకూ అంతే అయితే దాచకండి.

మిథైల్‌ఫెనిడేట్, ఆటమాక్సెటిన్ వంటి మందులున్నాయి, సైకియాట్రిస్టు రాస్తేనే వాడాలి. గర్భం ఉంటే ముందే చెప్పాలి. మందులతో పాటు కౌన్సెలింగ్, ఫోన్‌లో అలారాలు, ఇంటిపని పంచుకునే భర్త కూడా అవసరమే. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.