ఒక్క మూట బరువు



మామూలుగా నేను మీతో ముచ్చటించేది విత్తనశుద్ధి గురించో, పసుపులో దుంపకుళ్ళు గురించో. ఈవేళ వేయకూడని పంట ఒకదాన్ని గురించి చెప్పవలసి వచ్చింది. ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందు వినండి.

పోయిన వానాకాలం ఏజెన్సీలో ఒక సంతరోజున చింతచెట్టు కింద బల్ల వేసుకొని రాజ్‌మా విత్తనాలకు పేర్లు వ్రాసుకొంటున్నాను. వరుసలో ఒక ముసలాయన తన వంతు వచ్చినా పేరు చెప్పడు. "విత్తనం మాట తరవాత బాబూ. మావోడు ఒక్క మూట మోసినాడు. పంట మాది కాదు, సరుకు మాది కాదు. కొండ దిగి రోడ్డు దాకా మోస్తే కూలి ఇస్తామన్నారు, మోసినాడు. పదేళ్ళంటన్నారు, నిజమేనా?" అన్నాడు. మూట ఎంత తూగిందని అడిగాను. 22 కిలోలట.

నిజమే తాతా అనటానికి నాకు నోరు రాలేదు. కాని నిజమే. ఆ రెండు కిలోల తేడా ఏమిటో మీకు తెలిసి ఉండాలి.

గంజాయికి సంబంధించిన శిక్షలన్నీ 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టంలో ఉన్నాయి. ఆ సంవత్సరం నవంబరు 14 నుంచి అది అమలులో ఉన్నది. మీలో పెద్దవారు, మా చిన్నతనంలో సర్కారు లైసెన్సుతోనే గంజాయి దుకాణం ఉండేది గదా అంటారు. కొన్నిచోట్ల ఉండేది, నిజమే. ఆ రోజులు వెళ్ళిపోయాయి. ఇప్పుడు ప్రభుత్వం అనుమతి లేకుండా ఈ మొక్క పెంచటం, సరుకు తయారుచేయటం, దగ్గర ఉంచుకోవటం, అమ్మటం, కొనటం, మోయటం, దాచటం, తాగటం అన్నీ నేరాలే.

మొదట సాగు సంగతి. చట్టంలో 20వ సెక్షను ప్రకారం గంజాయి మొక్క పెంచినవారికి 10 ఏళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జుల్మానా. ఎన్ని ఎకరాలు అన్న లెక్క అక్కడ లేదు. కందిసాళ్ళ మధ్య నాలుగు మొక్కలైనా సాగే, పెరట్లో ఒక్కటైనా సాగే. "పట్టా నా పేర లేదండీ, పోడు భూమి" అంటే కుదరదు. ఎవరు దున్ని సాగుచేస్తున్నారన్నది చూస్తారు గాని కాగితం ఎవరి పేర ఉన్నదని కాదు. తాను సాగుచేసే నేలలో మొక్క కనబడితే, అది ఎలా వచ్చిందో సరైన సమాధానం చెప్పుకోవలసిన భారం కూడా ఆ రైతుమీదే పడుతుంది.

ఇక సరుకు సంగతి. ఇక్కడ చట్టం చేతిలో త్రాసు పట్టుకొని కూర్చుంటుంది. 2001లో కేంద్ర ప్రభుత్వం ఏ సరుకు ఎంత ఉంటే చిన్న మొత్తం, ఎంత దాటితే వ్యాపార మొత్తం అని పట్టిక ప్రకటించింది. గంజాయి కిలోకు లోపు ఉంటే చిన్న మొత్తం. దానికి ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జుల్మానా, లేదా రెండూను. 2014 సవరణకు ముందు ఇది ఆరు నెలలే ఉండేది. కిలో మొదలు 20 కిలోల వరకు పట్టుబడితే 10 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జుల్మానా. ఇక్కడ జడ్జిగారు కేసునుబట్టి తక్కువ కూడా వేయవచ్చు. 20 కిలోలు దాటిందా, పదేళ్ళకు తక్కువ వేయటానికి వీలే లేదు. పదేళ్ళు మొదలు 20 ఏళ్ళ వరకు, లక్ష మొదలు రెండు లక్షల వరకు.

ముసలాయన కొడుకు మూట 22 కిలోలని చెప్పాను గదా. మోతకూలీ భుజానికి ఎత్తే బరువు రమారమి అంతే ఉంటుంది. లారీ నిండా తోలిన వ్యాపారికీ, ఆ ఒక్క మూట మోసిన కుర్రవాడికీ చట్టంలో ఉన్నది ఒకటే అంతస్తు. త్రాసు ఎదుట సరుకు ఎవరిదన్న ప్రశ్న ముందుకు రాదు, ఎవరి దగ్గర దొరికిందన్నదే వస్తుంది. ఇది న్యాయమా అని మీరు నన్ను అడిగితే, నాకూ మనసులో కష్టంగానే ఉంటుంది. పెట్టుబడి పెట్టినవాడికి వేరే సెక్షను ఉన్నది, 27ఎ అని. వాడికీ పదేళ్ళు మొదలు ఇరవై దాకానే. కాని వాడు ఏ ఊళ్ళో ఉంటాడో, అసలు పేరేమిటో మన కుర్రవాడికి తెలిస్తే గదా చెప్పటానికి!

ద్రవ గంజాయి అని సీసాల్లో పట్టుకుపోయేదానికి తూకం ఇంకా తక్కువ. అది చరస్‌తో సమానం. కిలో దాటితేనే వ్యాపార మొత్తం. సీసా చిన్నదని తేలికగా తీసుకోకండి.

బెయిలు సంగతి కూడా చెబుతాను. వ్యాపార మొత్తం కేసుల్లో, ఇతను నేరం చేయలేదని నమ్మటానికి తగిన కారణం ఉన్నదనీ, విడిచిపెడితే మళ్ళీ ఇలాంటి నేరం చేయడనీ కోర్టుకు తోచాలి. అప్పుడుగాని బెయిలు రాదు. పోలీసువారు చార్జిషీటు వేయటానికి కూడా 180 రోజుల గడువు ఉన్నది. అంటే విచారణ మొదలుకాకముందే ఒక నాట్లు, ఒక కోత వెళ్ళిపోతాయి. షెడ్యూల్డు తెగలవారికి, షెడ్యూల్డు కులాలవారికి ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవాలి. ముసలాయనకు నేను చేయగలిగినది ఆ అర్జీ వ్రాసిపెట్టటమే.

తెలిసి ఇంట్లోగాని, పాకలోగాని, బండిలోగాని సరుకు పెట్టుకోనిస్తే, ఇచ్చినవారికీ అదే శిక్ష. మోటారుసైకిలు ఎరువు ఇచ్చినా బండి జప్తు కావచ్చు. తనకు తెలియదనీ, తగిన జాగ్రత్త తీసుకొన్నాననీ బండి యజమానే రుజువు చేసుకోవాలి. పిల్లలచేత మోయిస్తే దొరకరని కొందరు అనుకొంటారు. అలా మోయించినవారికి 2015 బాలల న్యాయచట్టం కింద మరో 7 ఏళ్ళ దాకా జైలు ఉన్నది.

ఇప్పుడు నా తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మాట. రైతులు కూడా వినవచ్చు, దాచవలసినదేమీ లేదు.

నేను డిప్లొమా ముగించుకొని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కందిచేను చూడటానికి వెళ్ళాను. సాళ్ళ మధ్య మోకాలెత్తు మొక్కలు కొన్ని తేడాగా ఉన్నాయి. రైతు అటు చూడలేదు. నేను చూసి, గోగు అయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకొని, కందిలో కాయతొలుచు పురుగు గురించి మాట్లాడి వచ్చేశాను. కోతల ముందు ఆ చేలో అధికారులు దిగారు. రైతు మీద కేసు అయింది. మోకాలెత్తున ఉన్ననాడే నేను నోరు విప్పి, పీకెయ్యి మామా అని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తరువాత ఒక పెద్ద ఆఫీసరుగారు నాకు 46, 47 సెక్షనులు చూపించారు. తన భూమిలో ఈ మొక్క ఉన్నదని తెలిస్తే రైతు వెంటనే పోలీసుకు తెలపాలి, తెలిసీ తెలపకపోతే అదీ నేరమే. ప్రభుత్వోద్యోగి, సర్పంచి, పంచాయతీ సభ్యుడు, గ్రామోద్యోగి ఎవరైనా సరే, తమకు తెలిసిన వెంటనే చెప్పాలి. చెప్పకపోతే వారూ శిక్షార్హులే. అందులో నేనూ ఉన్నాను, మీరూ ఉన్నారు.

గోగు అనుకొన్నానని చెప్పాను గదా, ఆ తేడా తెలుసుకోండి. దూరాన్నుంచి రెండూ ఒకే పోలికగా ఉంటాయి. గోగాకు ఒకే ఆకు, లోతుగా చీలి ఉంటుంది. గంజాయి ఆకులో చీలికలు వేటికవి విడి ఆకుల్లా ఉండి తొడిమ కొసన ఒక్కచోట కలుస్తాయి, అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి. గోగుకు పెద్ద లేతపసుపు పువ్వు, మధ్యలో ముదురు రంగు బొట్టు. గంజాయికి రేకులుండే పువ్వు రాదు, ఆకుపచ్చ గుత్తులే. నలిపితే ఘాటైన వాసన. నార కోసం గోగు వేసే రైతు ఎవరికీ భయపడనక్కరలేదు.

2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసువారు పరివర్తన అనే పేరుతో ఏజెన్సీలో వేలాది ఎకరాల తోటలు కొట్టించారు. చాలా గూడేలలో గిరిజనులే కత్తి పట్టి తమ మొక్కలు తామే నరికివేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. అన్నేళ్ళూ అడ్వాన్సులిచ్చినవారు ఆ మంట దగ్గర ఎవరూ కనబడలేదు.

మరి దాని బదులు ఏమి వెయ్యాలి అంటారు. గంజాయి మీద వస్తుందని చెప్పే డబ్బు రాజ్‌మా మీద రాదు, నేను అబద్ధం చెప్పను. కాఫీ కాపుకు రావటానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. షావుకారి అడ్వాన్సుకు రైతు లొంగేది ఆ మధ్యకాలంలోనే. అందుచేత కాఫీ పెట్టిన ఏడే, ఎండ తగిలే మిగతా నేలలో పసుపు, అల్లం, రాజ్‌మా, చోడి వేసుకోండి. నీడకు వేసిన సిల్వర్ ఓక్ చెట్టు మాను గట్టిపడగానే మిరియపు తీగ ఎక్కించండి. కాఫీ గింజ దళారికి ఇవ్వక ముందు గిరిజన సహకార సంస్థ ధర ఎంతో కనుక్కోండి. చింతపల్లి పరిశోధనా స్థానంవారిని అడిగితే మీ నేలకు తగిన రకాలు చెబుతారు.

చేనులో తేడా మొక్క కనబడినా, మూట మోయమని ఎవరైనా వచ్చినా, ఆంధ్రప్రదేశ్‌లో 1972కు, దేశంలో ఎక్కడినుంచైనా 1933కు ఫోను చేయవచ్చు. ఫోను చేయటానికి జంకితే, సంతరోజున చింతచెట్టు కిందకు రండి, ఇద్దరం కలిసే చేద్దాం. ముసలాయన రాజ్‌మా విత్తనం ఆ రోజు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. తరువాతి సంతకు నేనే ఆయన పేరు వ్రాసుకొని సంచి గూడేనికి పంపించాను.